ఉప్పు లారీ కోసం ఆగిన కృష్ణ

పిడుగురాళ్లలో గురునాథం స్టీలు సామాన్ల కొట్టు ఎక్కడో తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ ఆయన నోటి సంగతి తెలియనివాళ్లు లేరు. సాయంత్రం ఎండ కాస్త తగ్గగానే కొట్టు భార్య సుశీలకు అప్పజెప్పి, రోడ్డు దాటి, లారీల స్టాండు పక్కనున్న ముబారక్ టీ కొట్టుకు వచ్చేవాడు. బట్టీల నుంచి వచ్చే సున్నం దుమ్ము అక్కడి బల్ల మీద ఎప్పుడూ పలచగా పరుచుకుని ఉంటుంది. దాన్ని కండువాతో ఒక్క దులుపు దులిపి కూర్చున్నాడంటే ఇక టీ చల్లారేదాకా, ఇంకో టీ వచ్చి అదీ చల్లారేదాకా ఆయన చెప్పడం, మిగతావాళ్లు వినడం.

ఏళ్ల తరబడి విన్నారు కూడా. గాలివానకు ఆయన కొట్లోంచి లేచిన స్టీలు బిందె మాచర్లలో ఎవరిదో పెళ్లి పందిట్లో దిగి, వాళ్ల నీళ్ల కరువు తీర్చి, ఎదురుగాలికి తిరిగొచ్చి అదే మేకుకు తగులుకున్న కథ విన్నారు. ఆయన బొటనవేలు పెట్టగానే బ్యాంకులో మిషను లేచి నిలబడ్డ కథ విన్నారు. ఒక్కటీ నమ్మలేదు, ఒక్కటీ మధ్యలో ఆపనివ్వలేదు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. బల్ల మీద మనుషులు తగ్గలేదు గానీ తలలు కిందికి వాలాయి. ఒకరోజు గురునాథం బిందె కథను సగం దాకా తెచ్చి, ఎవరైనా అడుగుతారేమోనని కావాలని ఆగాడు. "ఆ తర్వాత?" అని ఒక్కరూ అనలేదు. లారీ డ్రైవరు మహేష్ ఫోన్ చూసుకుంటూ ఊ కొడుతున్నాడు, కథ ఆగిపోయినా ఊ కొడుతూనే ఉన్నాడు. బిందెను మాచర్లలోనే వదిలేసి గురునాథం లేచి ఇంటికి వెళ్లిపోయాడు. అంత పెందలాడే వచ్చినందుకు సుశీల ఆయన నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

అంతగా ఈ ఫోన్లలో ఏముందో తెలుసుకుందామని ఆయన ఇరమ్ దగ్గరికి వెళ్లాడు. ఇరమ్, టీ కొట్టు పక్కనే లారీల టైర్లకు పంక్చర్లు వేసే అబ్దుల్ మజీద్ కూతురు. తండ్రి షెడ్డుకు ఆనుకుని జిరాక్స్ కొట్టు నడుపుతుంది. పని లేనప్పుడు ఫోన్లో కథలు చదువుతుంది. ఏముందమ్మా అందులో అని గురునాథం అడిగితే, మీలాంటివాళ్లు చెప్పే కథలే బాబాయ్, కాకపోతే రాసినవి, అంది.

అప్పట్లో ఆమె చదువుతున్నది ఉప్పు లారీ అనే సీరియల్. చదువుకునే యాప్‌లో వారానికొక భాగం వచ్చేది. నాగమణి అనే ఆవిడ తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ ఉప్పు లారీ నడుపుకుంటూ ఊరూరా తిరిగే కథ. దానికి ఎక్కడెక్కడివాళ్లో అభిమానులు. వాళ్లంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు, దాన్ని చూసుకునేవాళ్లలో ఇరమ్ ఒకతె. తమ్ముడు బతికే ఉన్నాడని ఒక వర్గం, లేడని ఒక వర్గం, క్లీనరు మంచివాడు కాదని మరో వర్గం. సీరియల్ ముగింపుకొస్తోందని గ్రూపులో ఒక ఛాలెంజ్ పెట్టారు: ఆఖరి భాగం వచ్చేలోపు మొదటి నుంచీ అన్ని భాగాలూ చదవాలి, ప్రతి భాగం కిందా తమకు తోచింది ఒక ముక్క రాయాలి. ఇరమ్ గురునాథం ఫోన్లో యాప్ ఎక్కించి, ఆయన్నీ ఆ పందెంలో చేర్చింది. రాయడం నా వల్ల కాదన్నాడాయన. మైకు బొమ్మ నొక్కి మాట్లాడండి, ఫోనే రాసుకుంటది అని ఆమె చూపించింది.

ఏడో తరగతిలో పలక వదిలి కొట్లో కూర్చున్న మనిషి. బోర్డులు, బిల్లులు, పెళ్లి శుభలేఖలు తప్ప ఏమీ చదివి ఎరగడు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ గిన్నెల దొంతర్ల వెనక కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేవాడు. వేలు తగిలి పేజీ మారిపోతే మళ్లీ వెతుక్కునేవాడు. ఒత్తులు ఎక్కువైన మాట వచ్చినప్పుడు దాన్ని నోట్లో రెండు మూడు రకాలుగా తిప్పి చూసుకునేవాడు. సుశీల అటు వచ్చి చూసి, జపం పట్టాడనుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయింది. నాగమణి లారీ ఘాటు రోడ్డులో బ్రేకులు ఫెయిలైన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. చదివిన ప్రతి భాగం కిందా మైకు నొక్కి తన ధోరణిలో నాలుగు మాటలు చెప్పి, ఫోన్ మూసేసేవాడు. మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకోవడం ఆయనకు రాదు.

ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది. అది శనివారం సాయంత్రం వస్తుందట. ఆ శనివారం గురునాథం చాలా రోజుల తర్వాత కండువాతో బల్ల దులిపి కూర్చున్నాడు. మహేష్ సున్నం లోడు ఎత్తించుకుని బయల్దేరబోతూ టీకి ఆగాడు. పని లేక మజీద్ కూడా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. మనుషులు ఉన్నారు, తలలు మాత్రం మామూలుగానే కిందికే ఉన్నాయి.

ఈ మధ్య తానొక పుస్తకం చదివానని గురునాథం మొదలుపెట్టాడు.

టీ వడగడుతున్న ముబారక్ చెయ్యి ఆగింది. గురునాథం శెట్టిగారు బిందె ఎగిరిందంటే ఎంతో కొంత సర్దుకోవచ్చు గానీ, పుస్తకం చదివాడంటే అతనికి మింగుడుపడలేదు. ఏ పుస్తకం అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నతో గురునాథానికి ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో పుస్తకమనీ, ఉప్పు లారీ అంటారనీ, దానికొక పందెం ఉందనీ, అందులో తానూ చేరాననీ చెప్పాడు. ఇంతవరకూ ప్రతి ముక్కా నిజం. మొదటి భాగం చదవడానికి మధ్యాహ్నం కూర్చుంటే దీపాలు పెట్టేవేళ అయిందని చెప్పబోయి, వాళ్ల మొహాలు చూశాడు. మహేష్ తల అప్పుడే మళ్లీ ఫోన్ మీదికి వాలుతోంది.

"మొదటి భాగం ఒక్క గుక్కలో అవగొట్టా" అన్నాడు గురునాథం. "టీ తాగినట్టు. రెండోది ఇంకా తొందరగా అయిపోయింది. మూడో దానికొచ్చేసరికి ఏమైందో తెలుసా? నేను వేలితో పేజీ తోసే ఊపుకి ఫోను అద్దం అరిగిపోయింది, సానబట్టిన కత్తిలాగా. చదివే కొద్దీ అది కాలతంది. ఆఖరికి మీ పిన్ని దాని వీపు మీద అప్పడాలు కాల్చింది. నూనె చుక్క లేకుండా."

మహేష్ తల ఎత్తి, అప్పడాలు పొంగాయా అని అడిగాడు.

పొంగకేం, అన్నాడు గురునాథం, పొంగి ఇంటి కప్పుకు తగిలాయి. ఆ తర్వాత కంపెనీవాళ్లే ఫోన్ చేశారట. అయ్యా, మీరు చదివే జోరుకి మా మిషన్లు వేడెక్కిపోతన్నయ్యి, పేజీకీ పేజీకీ మధ్య కనీసం ఒక రెప్ప వెయ్యండి అని బతిమాలారట. సరే పాపం పిల్లలు గలవాళ్లని ఈయన రెప్ప వేశాడట. ఆ ఒక్క రెప్పలోనే హైదరాబాదులో సగం ఊరికి కరెంటు తిరిగొచ్చిందట.

ముబారక్ పాలు పొంగుతున్నాయని కూడా చూసుకోకుండా ఈ మాట విన్నాడు. పొయ్యి తగ్గించి, మరి అంత జోరుగా చదివితే భాగాలు అయిపోవా శెట్టిగారూ అని అడిగాడు.

"అయిపోయినయ్యి మరి. అక్కడికే వస్తన్నా. వచ్చిన భాగాలన్నీ చదివేసి, ఇంకా ఊపు ఆగక ముందుకు పోయినా. రాసే ఆయన ఇంకా రాస్తానే ఉన్నాడు, నేను ఆయన వెనకమాలే చదువుతన్నా. ఒకచోట చూస్తే అక్షరాల తడి ఆరలా. ఇదుగో, ఈ వేలికి అంటుకున్నయ్యి. అప్పుడు ఆయనే ఫోన్ చేసి, గురునాథం గారూ, కాస్త నిదానంగా చదవండి, నా కలం మీద మీ ఊపిరి తగలతంది అన్నాడు."

మహేష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గురునాథం అది చూశాడు. కిందటి ఏడాది నుంచీ ఆయన ఎదురుచూస్తున్నది ఈ ఒక్క దృశ్యం కోసమే. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఒకరోజు ఆపుకోలేక ఇదే బల్ల మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడట. ముందు ఒక లారీ ఆగిందట. డ్రైవరు ఇంజిను ఆపి, కిటికీ అద్దం దించి విన్నాడట. దాని వెనక లారీ హారను కొట్టబోయి, నాగమణి పేరు వినపడగానే అదీ ఆగిందట. అలా ఇటు నకరికల్లు దాకా, అటు పొందుగల వంతెన దాకా లారీలే. ఒక్క హారను లేదట. వినపడనివాళ్లకు ముందు లారీవాడు చెప్పడం, వాడు వెనక లారీకి చెప్పడం, వంతెన దాటేసరికి అవతలి ఒడ్డువాళ్లు దాన్ని తెలంగాణ మాటల్లోకి మార్చుకుని చెప్పుకోవడం.

నువ్వు ఆ లైన్లో ఉన్నావేందిరా అని ముబారక్ మహేష్‌ని అడిగాడు. మహేష్ ఆలోచించి, నకరికల్లు అవతల ఎక్కడో ఉండి ఉంటానని చెప్పాడు.

"క్వారీలో ఏమైందో తెలుసా?" అన్నాడు గురునాథం. "అప్పుడే రాళ్ళు పేల్చటానికి వత్తి అంటించారు. నిప్పు పాక్కుంటా పాక్కుంటా మందు దాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఈ భాగం అయినాక పేల్దాంలే అని ఆగింది. కూలోళ్లు దాని పక్కనే కూర్చుని ఇన్నారు. ఇంక కృష్ణ సంగతి చెప్పమంటారా? వంతెన కింద నీళ్లు నిలబడిపోయినయ్యి. వెనకమాల నుంచి వరద నీళ్లు వచ్చి తోస్తంటే, కృష్ణ వెనక్కి తిరిగి, ఉండండెహె, తమ్ముడు దొరికాడో లేదో తెలవాల కదా అని కసిరింది."

టీ కొట్టు చుట్టూ పదిమంది దాకా చేరారు. అవతల షాపులోంచి ఎవరో స్టూలు కూడా తెచ్చుకున్నారు. జిరాక్స్ కొట్టు గడప మీద ఇరమ్ వచ్చి నిలబడింది, చేతిలో ఫోనుంది. మజీద్ మాత్రం మొదటినుంచీ ఒక్క మాటా అనకుండా వింటున్నాడు.

రోడ్డు ఇలా నిలిచిపోతే ఊరుకుంటారా, పెద్ద ఆఫీసరు జీపు వేసుకుని వచ్చాడట. ఎవరయ్యా ఇదంతా అని గద్దించబోయి రెండు వాక్యాలు విన్నాడట. టోపీ తీసి, సున్నం దుమ్ములోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడట. చివరికి గురునాథం చెయ్యి పట్టుకుని, నా ఉద్యోగం పోయినా ఫర్వాలేదు, తమ్ముడు దొరుకుతాడా లేదా చెప్పండి అని అడిగాడట.

"అప్పుడు నేను ఆఖరి భాగం చదివి వినిపించా. తమ్ముడు దొరికాడు. ఉప్పుమళ్లలోనే, నాగమణి రోజూ లోడు ఎత్తించుకునే చోటనే ఉప్పు తోడతన్నాడు. అక్కా అని పిలిచాడు. ఆ ఆఫీసరు ఏడ్చిన ఏడుపుకి వంతెన కింద నీళ్లు ఇంత ఎత్తు లేచినయ్యి. ఆ దెబ్బకి సాగర్ డ్యామ్ కాడ..."

"బాబాయ్" అంది ఇరమ్. గొంతు పెంచలేదు. "ఆఖరి భాగం ఇంకా రాలేదుగా."

అందరూ అటు తిరిగారు.

"సాయంత్రం వస్తదని చెప్పా కదా. ఇంకా రాలా. తమ్ముడు దొరికాడో లేదో రాసినాయనకు తప్ప ఎవరికీ తెలవదు."

ముందు మహేష్ నవ్వాడు, ముబారక్ నవ్వాడు, స్టూలు తెచ్చుకున్నాయన ఎక్కువ నవ్వాడు. సాగర్ డ్యామ్ ఏమయ్యిందో అది కూడా చెప్పమని ఎవరో అడిగారు. నవ్వు తగ్గాక మహేష్ కళ్లు తుడుచుకుంటూ, అసలు ఆ పుస్తకమే చదివి ఉండడు, పేరు విని కథ అల్లాడు, అన్నాడు. అవునన్నట్టు తలలు ఊగాయి.

గురునాథం ఎన్నోసార్లు దొరికిపోయాడు. బిందె కథలో మేకు ఏ గోడకు ఉందని అడిగితే దొరికాడు, బ్యాంకు కథలో దొరికాడు. ఎప్పుడూ నొచ్చుకోలేదు, దొరకడం కూడా ఆటలో భాగమే. ఈసారి మాత్రం మహేష్ మాట తగలకూడని చోట తగిలింది. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ, ఒత్తులతో కుస్తీ పడుతూ చదివాడు. అబద్ధాల కింద ఉన్న ఆ ఒక్క నిజాన్ని ఎవరూ నమ్మలేదు. చదివానురా అందామనుకున్నాడు. ఇన్ని కోతలు కోసిన నోటితో ఆ మాట అంటే ఎవరు వింటారు? టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కండువా భుజాన వేసుకుని లేచాడు.

"చదివాడు" అంది ఇరమ్.

ఆమె వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ఆఖరిది తప్ప అన్నీ చదివాడు, నేను చూస్తన్నా కదా గ్రూపులో, అని చెప్పింది. చదవడమే కాదు, ప్రతి భాగం కిందా మాట్లాడాడు. ఇంతకాలం ఆ సంగతి ఆయన గొప్పగా ఎందుకు చెప్పుకోలేదో తనకు అర్థం కావడం లేదంది. ఏ సంగతమ్మా అన్నాడు గురునాథం. ఆమె ఆయన మొహంలోకి చూసి, మీరు కింద ఏమొచ్చిందో ఎప్పుడూ చూడలేదా బాబాయ్ అని అడిగింది. చూడటం రాదన్నాడు.

ఇరమ్ తన ఫోన్ తెరిచి చూపించింది. నాగమణి లారీ ఇరుసు విరిగిన భాగం కింద ఆయన మాటలున్నాయి. మా కొట్లో కొన్న స్టీలు గరిటెను ఇరుసుకు కట్టుకుని ఒక లారీ కలకత్తా దాకా పోయింది, నాగమణిని ఒకసారి మా కొట్టుకు పంపండి, డబ్బులు తర్వాత ఇవ్వొచ్చు అని. దాని కింద వరసగా ఎవరెవరో రాశారు. కావలిలో నర్సుగా పనిచేసే ఆవిడ, నైటు డ్యూటీలో ఇది చదివి గట్టిగా నవ్వితే పేషెంట్లు లేచారు అని రాసింది. ఆ గరిటె ఇంకా కలకత్తాలో ఉందా, తిరిగొచ్చిందా అని ఖమ్మం ఆటో డ్రైవరు అడిగాడు. మస్కట్‌లో వంట చేసే ఆయన, భాగం చదవగానే ముందు గురునాథం గారు ఏమన్నారో అని కిందికి పోతాను, ఈయన లేకపోతే నాకు ఊరు గుర్తొచ్చేది కాదు అని రాశాడు. ఒకావిడ, తమ్ముడు తప్పిపోయిన భాగం కింద ఈయన అన్న మాట తన కొడుక్కి చదివి వినిపించానని రాసింది.

ఇరమ్ ఒక్కొక్కటే చదువుతుంటే బల్ల మీద నవ్వు ఆగిపోయింది. మహేష్ ఆమె భుజం మీంచి వంగి చూశాడు. నిజమేరా అని ముబారక్‌తో అన్నాడు, ఫొటో కూడా ఉంది, బిందెల మధ్య కూర్చున్నాడు.

గురునాథం మళ్లీ కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. జీవితమంతా ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూసి చెప్పడమే తెలుసు ఆయనకు. మొహాలు లేని చోట, గిన్నెల వెనక ఒంటరిగా కూర్చుని చెప్పినవి గాల్లో కలిసిపోయాయనుకున్నాడు. అవతల ఇంతమంది కూర్చుని ఉన్నారని తెలియదు. తన కథల్లో ఇన్నేళ్లూ ఎన్నో ఊళ్లవాళ్లను ఆపాడు గానీ, ఖమ్మంలో ఒక ఆటో డ్రైవరు గరిటె గురించి అడుగుతాడని కల్పించడం మాత్రం ఆయనకు తోచలేదు. ఏదైనా అందామని నోరు తెరిచాడు. మాట రాలేదు. గురునాథానికి మాట రాకపోవడం ముబారక్ అదే మొదటిసారి చూడటం, మంచినీళ్లు ఇచ్చాడు.

అంతలో ఇరమ్ ఫోను టింగుమంది. ఆఖరి భాగం వచ్చిందని చెప్పింది. ఇక్కడే చదవాలా, కొట్లోకి పోయి ఒక్కతే చదువుకోవాలా తేల్చుకోలేనట్టు నిలబడిపోయింది.

అప్పటిదాకా నోరు విప్పని మజీద్ అప్పుడు మాట్లాడాడు. "మా అమ్మాయి దాంట్లో చూసుకుంటా నవ్వుద్ది, ఒక్కోసారి ఏడ్చుద్ది. ఏందంటే, కథ నాన్నా అంటది. నాకు చదువు రాదు. ఆమెకి చదివి చెప్పటానికి సిగ్గు. శెట్టీ, నువ్వు చదువు. నేనూ వింటా."

ఇరమ్ తండ్రి వైపు చూసింది. తర్వాత ఫోన్ గురునాథం చేతిలో పెట్టి, తండ్రి పక్కన బల్ల మీద చోటు చేసుకుని కూర్చుంది.

ముందు కథ ఏమిటో తెలియనివాళ్ల కోసం గురునాథం నాగమణి ఎవరో, తమ్ముడు ఎలా తప్పిపోయాడో నాలుగు మాటల్లో చెప్పాడు. అందులో ఒక్క కోతా లేదు. తర్వాత వేలు అక్షరం కింద పెట్టి మొదలుపెట్టాడు. నిదానంగా చదివాడు. పెద్ద మాటల దగ్గర తడబడ్డాడు, ఒకచోట ఇరమ్ అందించింది. మహేష్ నవ్వలేదు. వాళ్ల ఓనరు ఫోన్ చేస్తే దాన్ని ఆపేసి జేబులో పడేశాడు. స్టూలాయన ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. తెల్లవారుజామున నాగమణి ఆఖరి లోడుతో బయల్దేరడం, తమ్ముడి గురించి ఎవరో చెప్పిన ఊరి వైపు బండి తిప్పడం, రోడ్డు మీద మంచు. మజీద్ తల వంచుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వింటున్నాడు. కూతురు కథ వినకుండా తండ్రినే చూస్తోంది.

చదివే కొద్దీ గురునాథం గొంతు కుదురుకుంది. తడబాటు పోయింది. వేలు అక్షరాలకంటే కాస్త ముందుకు నడవడం మొదలుపెట్టింది.

"నాగమణికి కళ్లు మండుతున్నాయి" అని చదివాడు. "రాత్రంతా నిద్ర లేదు. పిడుగురాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు దూరంగా ఒక టీ కొట్టు కనిపించింది. బండి పక్కకు తీసి, అక్కడ ఆపింది."

ఇరమ్ ఉలిక్కిపడి వంగి ఫోన్లోకి చూసింది.

"బాబాయ్, అది అందులో లేదు."

గురునాథం కళ్లజోడు మీంచి ఆమెను చూశాడు. దొరికిపోయాడు. ముబారక్ చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని, నాగమణి టీ తాగిందా లేదా తెలుసుకోవాలని చూస్తున్నాడు.

"ఆగనియ్యమ్మా" అన్నాడు మజీద్, తల ఎత్తకుండానే. "ఎంత దూరం నుంచి వస్తందో ఏమో. టీ తాగినాక బయల్దేరుద్దిలే."